ఫిలిప్ గురించిన అధ్యాయం

స్లొవేకియా నుంచి అలెనా అనే పాత్రికేయురాలు మా ఇంటికి వస్తోందని, మా అన్న ఫిలిప్ గురించి పుస్తకంలో రాసిందని తెలియగానే నాకు ఒళ్లు మండింది. చావు జరిగిన ఇంట్లో మైకు పెట్టి "ఇప్పుడు మీకెలా ఉంది?" అని అడిగేవాళ్లను టీవీల్లో చూస్తూనే ఉన్నాం కదా. ఈవిడ వాళ్లకు అక్క అయి ఉంటుందనుకున్నాను.

అన్న ఆ దేశంలో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కిందటి చలికాలం ఓ తెల్లవారుజామున రోడ్డు పక్కన మంచులో పడి చనిపోయాడు. తాగి పడ్డాడని ఫ్యాక్టరీవాళ్లు నాకు ఫోన్ చేశారు. గుండె ఆగిందని నేను అమ్మకు చెప్పాను. ప్రతి ఆదివారం చర్చిలో కొడుకు పేరు మీద ప్రార్థన చేయించుకునే మనిషికి ఇంకేం చెప్పను?

అలెనా హఫీజ్‌పేట్ స్టేషన్‌లో దిగి చెమటలు కక్కుకుంటూ వచ్చింది. భోజనం అయ్యేదాకా అమ్మ ఆమెను పని మాట ఎత్తనివ్వలేదు. తింటూ అలెనా తన సంగతులే చెప్పింది. తండ్రి వెల్డర్. కూలీల గురించి తాను రాసిన వార్తను పత్రిక యజమాని ఆపేస్తే ఉద్యోగం వదిలేసి పుస్తకాల్లోకి వచ్చింది. ఎవరి గురించి రాసినా, అచ్చుకు ముందు వాళ్ల ఇంటికి వెళ్లి చదివి వినిపిస్తుంది. వాళ్లు వద్దన్న వాక్యం కొట్టేస్తుంది.

"ఇంత దూరం అందుకే వచ్చారా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"చనిపోయినవాళ్లు వద్దని చెప్పలేరు కదా" అంది. నా కోపం సగం దిగిపోయింది.

ఇంగ్లీషు కాగితాలు నా చేతికిచ్చింది. ఒక్కో వాక్యమే తెలుగు చేసి అమ్మకు వినిపించాను. తాగుడు ఉన్న పేరా రాగానే గుట్టుచప్పుడు కాకుండా దాటేశాను.

అమ్మ చెయ్యెత్తి ఆపింది. "కరుణా, వాడు తాగిండన్న మాట ఏడ రాలేదేందే?"

గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకున్నాను. "నీకెవరు చెప్పిండ్రమ్మా?"

"ఫోన్ల వాని నాలుక మడతవడితే తల్లికి ఎర్కగాదా? సదువు."

చదివాను. వరసగా రెండు షిఫ్టులు, వేడి రాని గది, నిద్ర కోసం తాగుడు. అన్నీ ఉన్నాయి. అలెనా పెన్ను తీసి, కొట్టెయ్యమంటారా అన్నట్టు అమ్మ వైపు చూసింది.

"ఉండనియ్యమను. తాగిండని రాసింది, ఎందుకు తాగిండో గూడ రాసింది. అబద్ధం లేదు" అంది అమ్మ. ఆ వెంటనే, "ఆ రాత్రి ఏమన్న తిన్నడా అడుగు" అంది.

అడిగాను. తిన్నాడట. గదిలోవాళ్లందరికీ పప్పు వండాడట. అక్కడ మామిడికాయ దొరక్క నిమ్మకాయ పిండాడట. చిన్న విషయమని పుస్తకంలో రాయలేదని అలెనా నొచ్చుకుంది.

"అది రాయమను" అంది అమ్మ. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ నా వైపు తిరిగింది. "పొయ్యి మీద పిండితే చేదైతదని చిన్నప్పుడే చెప్పిన వానికి. దించినంకనే పిండిండా, అడుగు."