డీజిల్ ట్యాంకు నోటికి అడ్డంగా

నేను ఒక ఇత్తడి కడ్డీని. పెట్రోలు బంకులో భూమి కింద ఉండే ట్యాంకుల లోతు కొలవడం నా పని. ఇనుముతో చేస్తే ఎక్కడైనా తగిలి నిప్పురవ్వ లేస్తుందని నన్ను ఇత్తడితో చేశారు. అంటే నేను పుట్టకముందే మనుషులు భయపడ్డారు. ఆ భయం నాలో ఉండిపోయింది. వాళ్లు మాత్రం మరిచిపోయారు.

విశాఖపట్నంలో ఒక లేత్ షాపులో నా ఒంటిమీద గీతలు చెక్కి, యలమంచిలి దాటాక హైవే పక్కనున్న బంకుకి తెచ్చారు. ఎక్కడో ఎడారి కింద పుట్టిన నూనె ఓడలో వచ్చి, రిఫైనరీలో మరిగి, పెట్రోలుగా, డీజిల్‌గా విడిపోయి, ట్యాంకరెక్కి మా దగ్గరికి చేరేది. అప్పుడు నన్ను ట్యాంకులోకి దించి, పైకి తీసి, ఎంతవరకు తడిశానో చూసేవారు. లోపల చీకటి, ఊపిరాడనివ్వని ఆవిరి. ఊపిరి అక్కర్లేనిదాన్ని కాబట్టి తిరిగొచ్చేదాన్ని. పైన, పొగ తాగరాదని రాసిన గోడకే ఆనుకుని లారీ డ్రైవర్లు బీడీలు ముట్టించుకునేవారు.

నన్ను ఎక్కువగా పట్టుకున్న చేతులు నూకరత్నానివి. పంపు దగ్గర పనిచేసేది. ఆమె భర్త సన్యాసిరావుదీ అక్కడే పని. డీజిల్ ట్యాంకు అడుగున బురద చేరితే దిగి తోడేది అతనే. అదృష్టం బాగుండి ప్రతిసారీ నవ్వుతూ పైకొచ్చాడు.

కాలం మారింది. బస్సులు కొన్ని కరెంటుతో నడవసాగాయి. డీజిల్ అమ్మకం తగ్గింది. చెరుకు నుంచి, నూకల నుంచి తీసిన స్పిరిట్ కలిపిన పెట్రోలు రాసాగింది. మేనేజరు గవర్రాజు ఒక డీజిల్ ట్యాంకుని పెట్రోలుకి మార్పించాడు. ట్యాంకులో సరుకు మారింది గాని జనం నోట్లో పేరు మారలేదు. అందరికీ అది డీజిల్ ట్యాంకే.

మరుసటి ఏడు తుపానుకి ఆ ట్యాంకు మూత సందులోంచి నీళ్లు దిగాయి. స్పిరిట్ ఆ నీటిని లాక్కుని అడుగుకి చేరింది. పోయించుకున్న బళ్లు దారిలో ఆగిపోయాయి. జనం వచ్చి గవర్రాజుని నానా మాటలూ అన్నారు. ట్యాంకు శుభ్రం చేసేవాళ్లు యంత్రాలతో రావడానికి వారం పడుతుందట. గవర్రాజు ట్యాంకు తోడించేసి, అడుగు శుభ్రం చెయ్యమని సన్యాసిరావుని పిలిచాడు. డీజిల్ ట్యాంకేగా, నువ్వు ఎప్పుడూ దిగేదేగా అన్నాడు.

సన్యాసిరావు చొక్కా విప్పి నడుముకి తాడు కట్టుకున్నాడు. అడుగున ఎంత మిగిలిందో చూడమంటే నూకరత్నం నన్ను దించి తీసింది. అలవాటుగా గుడ్డ పట్టుకుంది. తుడవడానికి నామీద ఏమీ లేదు. డీజిలైతే జిడ్డు అంటుకుని ఉండేది. నేను ఆమె చూస్తుండగానే ఆరిపోయాను. ఆమె నన్ను ముక్కు దగ్గర పెట్టుకుంది. అప్పటికే అతను ట్యాంకు నోటి అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేశాడు.

నోరుంటే అరిచేదాన్ని. ఆమె అరవలేదు. నన్ను ట్యాంకు నోటికి అడ్డంగా పెట్టి, ఒక చివర కాలితో తొక్కి నిలబడింది.

"ఇది డీజిల్ కాదు మావా. పోయినేడే పెట్రోలుకి మార్చీసినారు."

"ఎప్పుడూ దిగిందే కదేటే. ఊపిరి బిగబట్టి దిగి ఒచ్చెత్తాను."

"అయితే నన్నూ తాడుకి కట్టు. ఇద్దరం దిగుదాం."

మొగుణ్ణి ఇంటికాడ కొలుచుకోమని గవర్రాజు వేళాకోళం చేశాడు. ఎవరో నవ్వారు. సన్యాసిరావు నన్ను పట్టుకుని లాగాడు. నేను వంగాను. ఆమె కదల్లేదు. ఆ పెనుగులాటలోనే, లోపల్నుంచి లేచిన పెట్రోలు ఆవిరికి అతని తల వాలింది, కళ్లు తేలిపోయాయి. నలుగురూ తాడు పట్టి వెనక్కి లాగారు. గాలిలో పడుకోబెట్టాక చాలాసేపటికి కక్కుకుని కళ్లు తెరిచాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

వంగిన కడ్డీ కొలతకి పనికిరాదు. ఇప్పుడు లోతుని తెరమీద అంకెలు చెబుతాయి. బంకు ముందు బళ్లకి కరెంటు ఎక్కించే యంత్రం కూడా పెట్టారు. నన్ను స్టోరు గదిలో మేకుకి తగిలించారు. అయినా ఆ మూత తీసిన ప్రతిసారీ నూకరత్నం వచ్చి, నన్ను దింపి, ట్యాంకు నోటికి అడ్డంగా పెడుతుంది. కడ్డీకి పూజ చేస్తోందని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకుంటారు.

ఈరోజు ఆమెకి జ్వరమట, రాలేదు. బయట తాడు ఈడుస్తున్న చప్పుడు. డీజిల్ ట్యాంకు మూత తియ్యమని ఎవరో అంటున్నారు.

నేను మేకుకి వేలాడుతున్నాను.