తీసేసిన ముప్పై ఐదు

రెండు రోజుల పనిని రెండు నిమిషాల్లో తేల్చేశానని ఆ రోజు నేను విర్రవీగిన మాట నిజం. అది తలుచుకుంటే ఇప్పుడు తల ఎత్తలేకపోతున్నాను.

నా పేరు నీరజ. మహబూబాబాద్‌లో ఒక కంటి దవాఖానలో కంప్యూటర్ పని నాది. ఊళ్లలో శిబిరం పెట్టినప్పుడల్లా కంటి పొర తీయించుకోవాల్సిన వాళ్ల పేర్లు కాగితాల మీద వస్తాయి. ఒకే మనిషి పేరు రెండు మూడుసార్లు పడి ఉంటుంది. మా ఆఫీసులో పెద్దాయన సారయ్య సార్ వాటిని ఎర్ర పెన్నుతో కొట్టేసేవాడు. కొట్టే ముందు ప్రతి నంబరుకూ ఫోన్ చేసి, "ఒక్కరేనా, ఇద్దరా?" అని అడిగేవాడు. ఆ ఫోన్లు విని విని నాకు విసుగొచ్చేది.

"గింత తిప్పలెందుకు సార్? పైథాన్ ప్రోగ్రాముల సెట్ అని ముందే ఉంటది. లిస్టును అండ్ల ఏస్తే, ఒక్కతీరువి ఎన్నున్నా ఒక్కటే మిగుల్తది," అన్నాను.

ప్రోగ్రాంలో ఒక్క వరుస రాశాను. నాలుగు వందల పన్నెండు పేర్లు మూడు వందల డెబ్బై ఏడయ్యాయి. సార్ట్ కొట్టి, అక్షరక్రమంలో ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"పోయినోళ్లెవలో చూసినవా?" అన్నాడు సారయ్య సార్.

"చూసేదేముంది సార్? అన్నీ డబలే."

ఆయన ఎర్ర పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

గార్ల ఊరి దగ్గర పక్కపక్క తండాల్లో ఇద్దరు బుచ్చిలు ఉన్నారు. ఇద్దరి భర్తల పేరూ ధన్‌సింగే. వయసు అడిగితే ఇద్దరూ అరవై అన్నారు, పుట్టిన తేదీ ఎవరికి గుర్తు? ఇద్దరికీ ఫోన్ లేదు. హైదరాబాద్‌కు పనికిపోయిన ప్రకాశ్ నంబరే రెండు తండాల వాళ్లూ రాయించారు. లిస్టులో ఊరి పేరు రాసే గడిలో రెండు తండాలకూ ఒకే పంచాయతీ పేరు. నేను రాసిన వరుసకు ఆ ఇద్దరూ ఒక్కరే.

దవాఖాన బండి పోయి ఒక బుచ్చిని తెచ్చింది. ఆమెకు ఆపరేషన్ అయింది. వారానికి ప్రకాశ్ ఫోన్ చేశాడు.

"అక్కా, మా బుచ్చి పెద్దమ్మ సంగతేమైంది?"

తెర మీద చూసి చెప్పాను. "అయిపోయిందన్నా. లిస్టుల ఉన్నది."

నాలుగు నెలల తర్వాత ఇంటికొచ్చిన ప్రకాశ్ ఆ పెద్దమ్మను చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకొచ్చాడు. ఆపరేషన్ అయినా ఏమీ కనబడతలేదంటున్నదని చెప్పాడు. డాక్టరమ్మ చూసింది. అసలు ఏ కంటికీ ఆపరేషన్ కాలేదు. పొర ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి కుడికంటి నరం దెబ్బతిన్నది, ఆ చూపు ఇక రాదు. ఎడమకన్నుకు రేపే చేస్తామన్నది.

కంప్యూటర్ తప్పు చేసిందన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఎంత సిగ్గులేని మాట! అది నేను చెప్పిందే చేసింది. బెంచీ దగ్గరికి పోయి ఆమె ముందు కూర్చున్నాను.

"అవ్వా, నీ పేరు తీసేసింది నేనే. అయిపోయిందని ఫోన్ల చెప్పింది గూడ నేనే."

నా గొంతు వినబడిన వైపు మొహం తిప్పింది బుచ్చి.

"కాంపుల కండ్లల్ల సుక్కల మందు ఏసిండ్రు గద బిడ్డా. అయిపోయిందంటే గదే ఆపరేషన్ అనుకున్న. దినాం పొద్దుగాల లేసి చెయ్యి ముంగట పెట్టుకొని చూసుకునేదాన్ని, ఇయ్యాలన్న కనబడ్తదేమో అని."

తిట్టినా బాగుండేది. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. నా ఏడుపు విని ఆమె తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. మెల్లగా అడిగింది.

"నా తీర్గ ఇంకెవలన్న ఉన్నరా?"

నాకు తెలియదు. నాలుగు నెలల్లో ఆ ముప్పై ఐదు పేర్లను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

సారయ్య సార్ లేచి వచ్చి తన ఎర్ర పెన్ను నా బల్ల మీద పెట్టాడు. పాత లిస్టు తీసి ఒక్కొక్క నంబరుకూ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. మొదటి రెండు చోట్లా ఒక్కరే అన్నారు. మూడోది నర్సింహులపేట వైపు ఊరు.

"ఇద్దరున్నరక్కా," అన్నది అవతలి గొంతు. "రెండో ఆమె ఇంకా బండి కోసం చూస్తనే ఉన్నది."