బిళ్ళ లేని పానా

మూడు వారాలుగా నేను ఎడారిలో తిరుగుతున్నాను, మా వంటింటి పక్కగదిలో కుర్చీ దిగకుండా. ఉపగ్రహాలు తీసిన పటాలు కంప్యూటర్లో ఉంటాయి కదా, వాటిలో ముసలి విమానాల్ని నిలబెట్టి ముక్కలు కోసే మైదానాలన్నీ గాలిస్తున్నాను. పైనుంచి చూస్తే ఎండబెట్టిన చేపల్లా ఉంటాయి. తోకమీది నంబరు కనపడదు. కానీ ముప్పయ్యేళ్ళు వాటికి రేకులు బిగించినవాడికి నంబరెందుకు? నీడ చాలు. రెక్క కింద నీడ ఉబ్బెత్తుగా ఉంటే ఇంజను ఉన్నట్టు, సాపుగా ఉంటే పీకేసినట్టు.

"పెళ్ళిచూపుల్లో కూడా నన్నింతసేపు చూడలేదు. ఎవరండీ ఆవిడ?" అంది మా ఆవిడ.

"పాత పరిచయం."

"దొరికితే చెప్పండి, టీ పెడతాను."

నవ్వాను గానీ కాలు ఆగలేదు, బల్లకింద ఆడుతూనే ఉంది. అప్పటికే రెండుసార్లు లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చాను.

సంగతేమిటంటే, విమానాలు బాగుచేసే మా హ్యాంగర్లో అప్పట్లో పనిముట్ల స్టోరు చూసేది మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య. పానా కావాలంటే మన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇవ్వాలి. పానా ఉన్న మేకుకి ఆ బిళ్ళ తగిలిస్తాడు. సాయంత్రానికి బిళ్ళ మిగిలితే పానా విమానంలో ఉండిపోయినట్టే. ముప్పయ్యెనిమిదేళ్ళ కిందట ఒకరోజు మేకు మీద పానా లేదు, బిళ్ళా లేదు. మూడు రోజులు విమానాన్ని ఆపి వెతికారు. దొరకలేదు. బావని స్టోరులోంచి తీసేసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అక్కడే కూర్చున్నాడు.

అప్పట్నుంచి ఆయనకి లెక్క రోగం పట్టుకుంది. తాళం మూడుసార్లు లాగుతాడు, చెంచాలు లెక్కపెట్టి పడుకుంటాడు. నేనేమో ప్రతి పెళ్ళిలోనూ పదిమందిని పోగేసి, "మా బావ పుట్టగానే వేళ్ళు లెక్కపెట్టుకున్నాకే ఏడ్చాడు" అని చెప్పేవాణ్ణి. అందరూ పడిపడి నవ్వేవారు. బావా నవ్వేవాడు.

పోయిన నెల డాక్టరు ఆయనకి మతిమరుపు మొదలైందన్నాడు. "ఇప్పుడేంటండీ, పానా పోయిన రోజే మొదలైంది" అన్నాడట బావ. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు కూర్చుంటే ముళ్ళు, పడుకుంటే నిప్పులు.

ఎందుకంటే ఆ పానా తీసుకున్నది నేను. తిరిగిచ్చానని ముప్పయ్యెనిమిదేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఇవ్వలేదు. ఎడమరెక్క మొదట్లో తలుపంత అతుకేసి మూసేశాను, అది లోపలే ఉండాలి. నిజం చెప్పెయ్యొచ్చు కదా అంటారా? ఇంజనులో గూడు పెట్టిన పిచ్చుకలు టిక్కెట్టు లేకుండా మూడు దేశాలు తిరిగొచ్చాయని చెప్పినవాణ్ణి. నా నోట నిజమొస్తే దానికీ సాక్షి కావాలి. అందుకే ఆ విమానం కోసం ఈ పాట్లు.

ఆ రోజు మధ్యాహ్నం దొరికింది. కంచె నుంచి మూడోది. ఎండకి పైరంగు లేచిపోయి, నా అతుకు నల్లటి పుట్టుమచ్చలా బయటపడింది. కింద తేదీ చూస్తే పదకొండు నెలల నాటి పటం! ఆ మైదానం వాళ్ళ నంబరు వెతికి ఫోన్ చేశాను, ఎత్తినవాడు మన తెలుగువాడే.

"కంచె పక్క మూడోదా తాతగారూ? రెక్కలు మొన్ననే కోసి నలగ్గొట్టాం. ఇప్పుడది పెట్టంత ముద్ద."

"లోపల పానా ఏమైనా..."

"ముద్దలో పానా ఏంటండీ? పప్పులో ఉప్పు వెతికినట్టుంది మీ బేరం!"

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే మా ఆవిడ. "ఏ పానా?" అంది. నా మొహం చూసి ఆవిడే వాళ్ళ అన్నయ్యని రమ్మని కబురు చేసింది.

బావ వచ్చి కూర్చున్నాడు. చెప్పాను. అంతా విని నవ్వాడు.

"నన్ను ఓదార్చడానికి కథ అల్లావా బావా? అతకలేదు. బిళ్ళ లేకుండా మా నాన్నకైనా పానా ఇవ్వను నేను."

"ముందురోజే మా పెళ్ళి ఖాయమైంది. నేను జేబులో చెయ్యి పెడితే, 'బావకి బిళ్ళేంట్రా' అన్నావు. నువ్వు నన్ను బావా అనడం అదే మొదలు."

బావ నవ్వు ఆగిపోయింది. "అన్నాను. ఆ మాట అన్నాను నేను" అన్నాడు మెల్లగా.

"మరి ఇన్నాళ్ళూ నోరెందుకు మెదపలేదు?" అంది మా ఆవిడ.

"అప్పుడు చెబితే సంబంధం తప్పిపోతుందని. తర్వాత... నువ్వు వెళ్ళిపోతావని."

ఆవిడ వెళ్ళి గుమ్మం దగ్గర మా ఇద్దరికీ వీపు పెట్టి నిలబడింది. బావ తిట్టలేదు. తిడితే బాగుండేది. జేబులోంచి ఫోన్ తీసి, మా పాత ఫోర్‌మన్‌కి కలిపాడు. ఆ రోజు బావని గేటుకి పంపింది ఆయనే. ఎనభై ఎనిమిదేళ్ళు, మనిషి గట్టిగానే ఉన్నాడు.

"నాకు కాదు, ఆయనకి చెప్పు" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"అయ్యా, నేనండీ, రేకుల సెక్షన్ వాణ్ణి. మీకో నిజం చెప్పాలి."

"నువ్వటోయ్! నీ నోట నిజమా! ఏదీ, కానియ్ కానియ్" అంటూ పెద్దాయన నేనింకా మొదలుపెట్టకుండానే నవ్వడం మొదలుపెట్టాడు.