మూడో దెబ్బ

రెండు దెబ్బలు గట్టిగానే పడ్డాయి. మూడోదానికి ఫైవిష్ చెయ్యి లేచింది గాని, కొయ్యసుత్తి కిటికీ తలుపును రాసుకుంటూ జారిపోయింది. లోపలినుంచి రొట్టెలమ్మే ద్వోస్య గుండెలు బాదుకుంటూ వట్టికాళ్ళతో మంచులోకి పరుగెత్తుకొచ్చింది.

"ఓరి దేవుడో! ఎవరు పోయారయ్యా?"

"ఎవరూ పోలేదమ్మా. నా చెయ్యే పోయింది."

మా ఊళ్ళో తెల్లవారుజామున మూడు దెబ్బలంటే ప్రార్థనకు లేవమని. రెండే పడితే ఊళ్ళో చావు. నలభై ఏళ్ళుగా ఆ సుత్తి ఫైవిష్‌దే. వంకర వేళ్ళు, గొర్రెతోలు టోపీ, ఎప్పుడూ కారే ముక్కు. ఆయన్ను ఆగి చూసినవాళ్ళు లేరు. ఈ వారంలో ఇలా ఏడిపించిన ఇళ్ళు ద్వోస్యతో మూడు.

ప్రార్థన కాగానే మందిరం పెద్ద గెట్సెల్ ఫైవిష్‌ను పట్టుకున్నాడు. ఆయనకు చదువెంతో నోరూ అంతే.

"చాలించవయ్యా నీ సేవ! బతికున్నవాళ్ళకి రోజూ శోకాలు పెట్టిస్తున్నావు. ఆ సుత్తి ఇలా పడెయ్."

ఫైవిష్ ఇవ్వలేదు. సుత్తిని కోటు లోపల దాచుకుని, మంచంపట్టిన మా యూదుల గురువు, రబ్బీ కల్మన్ గారింటికి నడిచాడు. గెట్సెల్ తిట్టుకుంటూ వెనకే వెళ్ళాడు.

బండివాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ బెదురు లేకుండా తొక్కే గడప అదొక్కటే. దుప్పటి కింద రబ్బీ గారు పిడికెడు మనిషి అయిపోయారు. తాగుతున్న జావ పక్కన పెట్టి విన్నారు.

"అయ్యా, నాకు అక్షరమ్ముక్క రాదు. అందరూ పుస్తకం చూసి చదువుతుంటే నేను పెదాలాడిస్తాను. దేవుడికి నేనిచ్చేది ఈ చప్పుడొక్కటే. ఇదీ లాక్కుంటే ఆయన ముందు ఏ మొహంతో నిలబడను?" ఫైవిష్ భోరుమన్నాడు.

రబ్బీ గారు నవ్వారు. "మూడూ నువ్వే కొట్టాలని ఎవరన్నారు, ఫైవిషూ? రెండు నువ్వు కొట్టు. మూడోది లోపలివాళ్ళు కొడతారు. మేం లేచామని దేవుడికి వాళ్ళూ చెప్పుకోవద్దూ?"

"మరి నిజంగా ఎవరైనా పోతే?" అన్నాడు గెట్సెల్.

"ఇంకో చుట్టు తిరుగుతాడు. అప్పుడు మీరు చేతులు ముడుచుకోండి. ఊరందరికీ చెప్పు, గెట్సెల్." జావ చెంచా శుభ్రంగా నాకి, తల దగ్గరున్న కిటికీ గూట్లో పెట్టుకున్నారు. "ఇది నా సుత్తి. నా ఇల్లు ఆఖర్న కొట్టు, ఫైవిషూ. మిగతావాళ్ళ చప్పుళ్ళు వినాలి."

మర్నాడు ద్వోస్య కిటికీ మీద రెండు కొట్టి, ఫైవిష్ ఊపిరి బిగబట్టాడు. లోపల రొట్టెలకర్ర ఠక్కుమంది. చెప్పులు కుట్టేవాడింట్లో పిల్లలు "నేనంటే నేన"ని కొట్టుకుని నాలుగు దెబ్బలు వేశారు. గెట్సెల్ ఇంట్లోంచి కూడా, కాస్త ఆలస్యంగా, ఒకటి వినబడింది. ముసలాడు ముక్కు తుడుచుకోవడం కూడా మరిచి నవ్వుకున్నాడు.

ఆఖర్న రబ్బీ గారి కిటికీ. రెండు కొట్టి ఆగాడు.

కాసేపటికి తలుపు తీసింది ఆయన భార్య. "నువ్వు వీధి మలుపులో ఉన్నప్పుడు కూడా ఒక్కో ఇల్లూ లెక్కపెడుతూ నవ్వారయ్యా. ఇప్పుడే..." అంది.

ఫైవిష్ మొదటి ఇంటినుంచి మళ్ళీ తిరిగాడు. రెండేసి దెబ్బలు. ఈసారి ఎవరూ జవాబు కొట్టలేదు. తలుపులు తెరుచుకుని ఒక్కొక్కరే ఆయన వెంట నడిచారు.

శ్మశానంనుంచి వస్తూ గెట్సెల్ ఆయన భుజం పట్టుకున్నాడు. "రేపు కూడా రా. మూడో దెబ్బ కొట్టడానికి మా మనవరాలు నీకోసం చూస్తూ ఉంటుంది."

రబ్బీ గారి కిటికీ గూట్లో, చేతికందేటంత దగ్గర్లో, ఆ చెక్క చెంచా అలాగే ఉంది.