ఎదుటి అంకె

"మా ఆవిడకి ఇంట్లో తోచదు. అందుకని వచ్చి నాలుగు అంకెలు చెబుతుంటుంది" అన్నారు మా ఆయన, క్లినిక్ చూడడానికి వచ్చిన స్నేహితుడితో. అప్పుడు నేను మోకాలి ఆపరేషన్ అయిన ఒక బామ్మ మడమ కింద చెయ్యి పెట్టి, ఆవిడ కాలు ఎత్తుతూంటే స్వాహిలీలో లెక్కపెడుతున్నాను. మోజ, మ్బిలి, తాతు. తోచదట! తోచకపోవడానికి నాకు ఖాళీ ఎక్కడ ఏడిసింది? ఆ బామ్మ కింద పరిచిన దుప్పటి తెల్లారకముందే నేను ఉతికింది. పక్క మంచం మీదదీ అంతే. ఆ స్నేహితుడు నాకేసి చూసి "మంచి కాలక్షేపం" అన్నాడు. మర్యాదకి నవ్వాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఆయన ఫిజియోథెరపిస్టు. ఉద్యోగం కోసం తూర్పు ఆఫ్రికాలో ఈ ఊరు వచ్చాం. పేషెంట్లలో ఎక్కువమందిది స్వాహిలీ. ఈయన ఇంగ్లీషులో వన్, టూ అంటూంటే, ఇంకా ఎంతసేపు ఓర్చుకోవాలో తెలియక వాళ్ళు ఆయన మొహంకేసి బిక్కమొహాలతో చూసేవారు. నేను మొదట క్యారియర్ ఇవ్వడానికి వచ్చినదాన్ని. "ఒక్క నిమిషం ఈ కాలు పట్టుకో" అన్నారు. ఏడాది దాటింది, ఆ నిమిషం ఇంకా అవలేదు.

మోకాలి చిప్ప మార్పించుకున్న ఈ బామ్మే నాకు అంకెలు నేర్పింది. మా ఇద్దరి మధ్యా ఉన్నది చేతిసైగలూ, ఆవిడ సగం ఇంగ్లీషూ. రెండు దగ్గర పెదాలు మూసి తెరవమనేది. నాలుగుకి "న్నే" అనడం నాకు చేతకాక గింజుకుంటుంటే, నొప్పి మరిచిపోయి పడీ పడీ నవ్వేది. మూడుని తాతు అంటుంటే మా తాతయ్యని పిలిచినట్టుండేది. దుప్పట్లు పిండుతూ, అంట్లు తోముతూ వల్లె వేశాను. పది వస్తుందని, అది కూమి అని తెలిశాక వాళ్ళ కాళ్ళు ఇంకాస్త పైకి లేచాయి. నాతో పాటు వాళ్ళే గొంతు కలిపేవారు. అత్తయ్య మాత్రం ఫోన్లో "కాళ్ళెత్తించి ఒకట్లు రెళ్ళు చెప్పడం కూడా ఒక పనేనా అమ్మాయ్? చంటిపిల్లలు చెబుతారు" అన్నారు. ఆవిడ కొడుకు చంటిపిల్లాడు కాడు మరి, ఆయనకి రాలేదు.

ఇంతలో క్లినిక్ యజమాని, పెద్ద డాక్టరమ్మ, జీతం ఇచ్చి ఒక సహాయకురాలిని పెడదామంది. నా గుండె ఎగిరి గంతేసింది. "వేరే మనిషెందుకు డాక్టర్, మా ఆవిడ ఎలాగూ వస్తుందిగా" అన్నారు ఈయన, ఏదో మిగిలిన చిల్లర వదిలేసినట్టు. నేను అక్కడే తువ్వాళ్ళు మడతపెడుతున్నాను. నన్నొక మాట అడగలేదు. దారిలో నిలదీస్తే "మనలో మనకి జీతమేమిటి?" అన్నారు. ఆయన జీతం మాత్రం మనలో మనకి ఎలా వచ్చిందో!

ఆ వారమే డాక్టరమ్మ ఎదుట గొప్పకి, అప్పటికప్పుడు నన్నడిగి నేర్చుకున్న అంకెతో బామ్మకి మర్నాటి టైము స్వాహిలీలో చెప్పారు. "సా తాతు." సా అంటే గంట. మధ్యాహ్నం మూడింటికని ఆయన ఉద్దేశం. బామ్మ పొద్దున్న తొమ్మిదింటికే వచ్చి కూర్చుంది. పదింటికి వచ్చిన ఈయన "నీ టైము మూడింటికి, ఆగు" అని లోపలికి వెళ్ళిపోయి, "వీళ్ళకి టైమంటే లెక్కలేదు" అని నా మీద విసుక్కున్నారు. వరండాలో చెక్క బల్ల మీద ఆవిడ మోకాలు పొంగుతూ ఉంది. పక్కన కూర్చుని ఎందుకింత ముందుగా వచ్చావని అడిగాను. బామ్మ గోడ గడియారం చూపించింది. వాళ్ళ లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది. మనకి ఏడైతే వాళ్ళకి మొదటి గంట. చిన్న ముల్లు ఎక్కడుందో కాదు, దానికి సరిగ్గా ఎదుటనున్న అంకె చదవాలి. తొమ్మిదికి ఎదుట మూడు. ఆవిడ చెప్పిన టైముకే వచ్చింది.

వాచిన మోకాలు చూసి డాక్టరమ్మ మా ఇద్దర్నీ పిలిచింది. "ఇదెవరి పొరపాటు?"

"మా ఆవిడే అండీ. అంకెలు తనే నేర్పింది, సరిగ్గా నేర్పలేదు" అన్నారు మా ఆయన తడుముకోకుండా.

ఏడాదిగా తోచక వచ్చేదాన్ని, తప్పు దగ్గరకొచ్చేసరికి ఉద్యోగినైపోయాను. చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

"అంకె సరైనదే నేర్పాను. గడియారం మాత్రం మా ఇద్దరికీ తెలియదు. నేను ఇవాళ బామ్మని అడిగాను. ఈయన అడగలేదు" అన్నాను.

డాక్టరమ్మ నన్ను పరీక్షగా చూసి, స్వాహిలీలో మెల్లగా అడిగింది, మీరు ఎన్నింటికి పని మొదలుపెడతారు అని. గోడ గడియారంకేసి చూశాను. నేను లేచే అయిదుకి ఎదుట పదకొండు. "సా కూమి న మోజ" అన్నాను.

"అది రాత్రి లెక్క. పగలు ఇంకా మొదలే కాదు. ఆ వేళప్పుడు ఏం పని?"

"ఈ క్లినిక్ దుప్పట్లు ఉతకడం. తర్వాత వంట, క్యారియరు."

"ఇంటి పనీ క్లినిక్ పనీ కలిపేస్తావేమిటి?" అన్నారు ఈయన తెలుగులో, పళ్ళ బిగువున.

"ఆ దుప్పట్లు ఎవరింటివండీ?"

దుప్పట్లు లాండ్రీకి వెళ్తున్నాయనుకున్న డాక్టరమ్మ ఆయనకేసి ఒకసారి చూసింది. తర్వాత నన్ను అడిగింది, "సహాయకురాలి పని మీకు కావాలా?"

"పని చేస్తూనే ఉన్నాను. కావలసింది జీతం" అన్నాను.

"సోమవారం నుంచి సా మ్బిలికి రండి. దుప్పట్లు లాండ్రీకి వెయ్యండి" అంది ఆవిడ. అంటే ఎనిమిదింటికి.

ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఈయన, ఏమీ జరగనట్టు, "అయిదింటికి అలారం పెట్టు. రేపు నేను పెందలాడే వెళ్ళాలి, కాఫీ ఫ్లాస్కులో పోసివ్వు" అన్నారు.

"మీ అలారం మీరే పెట్టుకోండి. నాకు అప్పటికింకా రాత్రే" అన్నాను.