బాబాయి వాయించిన ఆదివారం

పక్షవాతం వచ్చి తగ్గాక బాబాయి మళ్లీ గిటారు పట్టుకున్న మొదటి ఆదివారం అది. "నీకు చెవి ఉంది, మొహమాటం లేదు. వేళ్లు తడబడితే చెప్పెయ్యమ్మా, ఇవాళ్టితో మానేస్తాను," అంటూ తను వాయించే బీరు హాలుకి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఆ బీరు హాల్లో ఆయనా, ఆయన జోడీ పొడుగాయనా నలభై ఏళ్లుగా బ్లూస్ అనే దిగులు పాటలు వాయిస్తున్నారు. ఒకరి గిటారు ప్రశ్న వేస్తే రెండోవారిది జవాబు చెప్పాలి. అదీ వాళ్ల పద్ధతి.

మధ్యాహ్నానికే జనం తాగి ఊగుతున్నారు. "తాతలూ, ఏడుపులాపి డాన్సు పాట కొట్టండి!" అని ఎవడో అరిచాడు.

"మీ ఆవిడ ఊళ్లో లేదా నాయనా, ఇంత హుషారుగా ఉన్నావు?" అన్నాడు బాబాయి మైకులో. అందరూ గొల్లుమన్నారు.

మొదటి పాటలోనే ఆయన జవాబులు ముక్కలు ముక్కలయ్యాయి. పొడుగాయన మంచినీళ్ల సీసా కోసమన్నట్టు వెనక్కి వంగి, బాబాయి గిటారు ఆంప్లిఫయరులో సౌండు పూర్తిగా తగ్గించేశాడు. ఆ తర్వాత ప్రశ్నా జవాబూ రెండూ ఆయనే వాయించాడు. ఆ గోలలో బాబాయి కనిపెట్టలేకపోయాడు. వినిపిస్తున్న జవాబు తనదే అనుకుని, కళ్లు మూసుకుని, చెమటలు కక్కుతూ తీగలు మీటుతూనే ఉన్నాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. బాబాయి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"నిజం చెప్పు తల్లీ."

"ఒక్క తప్పు కూడా వినిపించలేదు బాబాయ్."

ఆయన మొహం విప్పారింది. "విన్నావురా పొడుగూ? వచ్చే ఆదివారానికీ ఒప్పేసుకో!"

పొడుగాయన వైరు చుట్టుకుంటూ తల ఎత్తలేదు.