తవిటినాయుడు నూనె రాసిన ఎయిర్ పైపు

నేను ఒక ఎయిర్ పైపును. లారీ వెనక చక్రం దగ్గర బ్రేకుకు గాలి మోసే రబ్బరు గొట్టాన్ని. మూరెడు పొడుగు, బొటనవేలంత లావు. చూసి తక్కువ అంచనా వేయకండి. పన్నెండు టన్నుల అల్లం బస్తాలతో ఒడిశా కొండల మీంచి సాలూరు వైపు దిగుతున్న లారీని, ఘాటీ మలుపులో, లోయకు జానెడు దూరంలో ఒంటిచేత్తో ఆపినవాణ్ణి. నీకు చెయ్యెక్కడిదని అడక్కండి. కథ చెప్పేవాడి అవయవాలు లెక్కపెట్టడం మర్యాద కాదు.

పుట్టింది ఎక్కడో దూరాన ఫ్యాక్టరీలో. లోపల రబ్బరు, దాని మీద నూలు అల్లిక, మళ్లీ పైన రబ్బరు, రెండు కొసలా ఇత్తడి బిగింపులు. మమ్మల్ని డజను మందిని ఒక అట్టపెట్టెలో సర్ది, ఎండ తగలనీయొద్దు, మడత పెట్టొద్దు, నూనె అంటనీయొద్దు అని పెట్టె మీద అచ్చు వేశారు. మనుషులకు అచ్చు వేయడంలో ఉన్న సరదా చదవడంలో ఉండదు. సాలూరు షెడ్డుకు చేరిన పూటే ఆ పెట్టె చిరిగి టీ పొయ్యిలోకి పోయింది.

ఆ షెడ్డులో స్టోరు తవిటినాయుడిది. ఇరవై రెండేళ్లుగా తాళాలు ఆయన మొలతాడుకే ఉన్నాయి. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అంతకు ముందున్నవాడు మా జాతిని కిటికీ పక్కన మేకులకు మడిచి వేలాడదీసేవాడట. ఎండకు మడత దగ్గర బీటలు వారి, పనికి ముందే చచ్చేవాళ్లం. తవిటినాయుడు వచ్చాక మమ్మల్ని వెల్డింగుకు దూరంగా, చీకటి మూల బల్ల మీద తిన్నగా పడుకోబెట్టాడు. కొసల్లో గుడ్డ పీలికలు కుక్కాడు.

"లోన కుమ్మరిపురుగు మట్టెట్టిందనుకో, గాలాగిపోద్ది. తోలినోడు సచ్చిపోతాడు," అనేవాడు, ఎవరూ అడక్కుండానే.

అంతటి మనిషి. దసరా వచ్చింది.

ఆయుధపూజ నాడు లారీలన్నీ కడిగారు. స్పానర్లు, జాకీలు, సుత్తులు గోనెపట్టా మీద పరిచారు. తవిటినాయుడు కొత్త ఇంజనాయిలు డబ్బా తెరిచి, ఒక్కొక్కటీ తుడిచి, నిగనిగలాడించి బొట్టు పెట్టాడు. ఇనుముకు నూనె పండగే. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ చెయ్యి ఊపు మీదుంది. బల్ల మీంచి మా పన్నెండు మందినీ తెచ్చి, మాకూ నూనె పూశాడు.

నాకు మాత్రం రెండుసార్లు రాశాడు. ఎందుకంటే నన్ను అల్లుడు గంగులు తోలే లారీకని ముందే వేరుగా తీసిపెట్టాడు. గంగులు సొంత అక్క కొడుకే. కూతురు పైడితల్లినిచ్చి రెండేళ్లయింది.

"ఏటి మావా, పైపుకి తలంటు పోత్తన్నావు?" అని నవ్వాడు గంగులు.

"నోర్ముయ్యి అల్లుడా. నీ పెళ్లికి మీ అమ్మ నీకింత నూనె రాసిందేటి? అందుకే అలాగెండిపోనావు."

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వుకున్నాను. తల్లి నాకిన దూడలా మెరుస్తున్నాను మరి. నూనె రబ్బరును తింటుందని అక్కడ ఎవరికీ తట్టలేదు. చల్లగా, హాయిగానే ఉందది మొదట.

పది రోజులకు నా చర్మం మెత్తబడింది. గోరు దిగితే గుంట నిలిచిపోతోంది. కార్తీకం వచ్చేసరికి ఉబ్బాను. అప్పుడే నన్ను గంగులు బండికి బిగించారు. మరో నలుగురు తోబుట్టువులు నాలుగు లారీలకు వెళ్లిపోయారు. గాలి లోపలికి వచ్చినప్పుడల్లా నా పొట్ట కప్ప గొంతులా పొంగేది. గంగులు పైన కూర్చుని పాడుకునేవాడు. 'ఒరే నాయనా, ఓసారి కిందికి దిగి చూడు' అని నేను అరవలేను.

ఘాటీ మూడో మలుపులో పేలిపోయాను.

ఇప్పుడా ఒంటిచేతి సంగతి. లారీని నేను ఆపలేదండీ. నేను చేసిందల్లా చీలిపోవడం. ఆ చక్రం దగ్గర ఒక గట్టి స్ప్రింగు ఉంటుంది. నేను మోసే గాలే దాన్ని అణిచిపెడుతుంది. గాలి పోగానే అది విరుచుకుపడి చక్రాన్ని పట్టేసింది. ఒకవైపే పట్టేసరికి బండి గిర్రున లోయ వైపు తిరిగింది. గంగులు స్టీరింగు మీద పడి, మిగిలిన బ్రేకులన్నీ తొక్కి, పిట్టగోడకు ఆనించి నిలబెట్టాడు. లోయకు జానెడు కూడా అబద్ధమే, మూడు బారలుంటుంది. రెండు బస్తాలు పగిలి రోడ్డంతా అల్లం వాసన. గంగులు దిగాడు. రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నానికి ఎవరో వేరే పైపు బిగించి బండిని షెడ్డుకు చేర్చారు. గంగులు నన్ను గుడ్డలో చుట్టి తెచ్చి మామ ముందు పెట్టాడు.

"తప్పు నాదే మావా. ఏదో రాయికి తగిలించేసినట్టున్నాను. నువ్వంత జాగర్తగా దాసిన పైపు పాడుసేసినాను."

తవిటినాయుడు నన్ను బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది, పైకి లేవలేదు. వేలికి జిడ్డు అంటింది. వాసన చూశాడు. చూసి, తల తిప్పి బల్ల వైపు చూశాడు. మిగిలిన ఏడుగురూ అక్కడ మెరుస్తున్నారు. నలుగురు ఆ పూట ఎక్కడో కొండల్లో, నాలుగు బళ్ల కింద, నాలుగు కుటుంబాల మగవాళ్లను మోస్తున్నారు. నన్ను మళ్లీ గుడ్డలో చుట్టేశాడు.

"పోనీలే," అన్నాడు. "సెయ్యి కడుక్కో. పైడితల్లి క్యారేజీ అంపింది."

మర్నాడు పొద్దున్న డ్రైవర్లంతా టీకి చేరారు. తవిటినాయుడు వాళ్ల మధ్య నిలబడ్డాడు. "ఒరే, ఇనండి. పైపులకి నూనె రాసింది నాను. గంగులు తప్పేటీ నేదు. నా సేత్తోనే నా అల్లుణ్ణి లోయలోకి తోసీబోయినాను," అన్నాడు. గంగులు లేచివచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

ఇంతవరకు విన్నారు కదా. నేనిప్పుడు షెడ్డు వెనక పాత ఇనుము కుప్పలో, విరిగిన కమాను పట్టీల మధ్య పడి ఉన్నాను. ఇక్కడి నుంచి టీ బల్ల బాగా వినబడుతుంది. అందుకే ఒప్పుకోవాలి. మర్నాడు టీ దగ్గర ఆ మాటలు ఆయన అనలేదు. అవి నేను కల్పించాను.

జరిగింది వేరు. ఆ సాయంత్రమే నాలుగు బళ్లకూ ఫోను చేసి, "ఆ పైపులు మంచివి కావంట, ఎక్కడోళ్లక్కడే ఆపండి, నానొత్తన్నాను" అన్నాడు. అరవై ఏళ్ల మనిషి బస్సులు మారుతూ వెళ్లి, ఒక్కొక్క లారీ కింద దూరి తన చేత్తోనే మార్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మిగిలిన ఏడింటినీ ముక్కలుగా కోసి తెచ్చి నా పక్కనే పడేశాడు. కొత్తవాటి మీద నూనె చుక్క పడనీయడు. ఎందుకని అడిగితే చెప్పడు.

గంగులు మాత్రం టీ తాగినప్పుడల్లా ఆ రాయి సంగతి చెబుతాడు. మొదట్లో అది కొబ్బరికాయంత. ఇప్పుడు గేదెంత అయింది. "నాను సూసుకోవాల్సింది," అని చివర తలవంచుకుంటాడు. తవిటినాయుడు గ్లాసులోకి చూస్తూ ఉంటాడు. ప్రతిసారీ ఈసారి అంటాడేమోనని వింటాను. రెండు దసరాలు వెళ్లాయి. ఆయన అనలేకపోయాడు. అందుకని నేను అనేశాను.